బెంగళూరు ఆంధ్రా హోటళ్ళ ఓనర్లకి: మధ్యాహ్నం ఆకు భోజనం ఎత్తేయకండి

బెంగళూరులో ఆంధ్రా హోటళ్ళు, మెస్సులు నడుపుతున్న అన్నలకి, అక్కలకి, బాబాయిలకి నమస్కారం.

మాది అనంతపురం జిల్లా. ఉద్యోగం కోసం ఈ ఊరొచ్చి చాలా ఏళ్ళయింది, పెళ్ళి, పిల్లలు, ఇల్లు అన్నీ ఇక్కడే, ఇప్పుడు కుందలహళ్ళి వైపు ఉంటున్నాం. ఈ మధ్య ఒక విషయం చూసి చూసి ఇక ఉండబట్టలేక రాస్తున్నా. మీరు మధ్యాహ్నం ఆకు భోజనం ఎత్తేస్తున్నారు. అందరూ కాదు, కానీ ఒకరి తర్వాత ఒకరు. నేను ఏళ్ళ తరబడి తిన్న ఒక హోటల్లో, పేరు రాయను, వాళ్ళని నొప్పించడం నా ఉద్దేశం కాదు, పొడవాటి టేబుళ్ళు తీసేసి నలుగురు కూర్చునే సోఫా సీట్లు వేశారు, ఒక సీటుకీ ఇంకో సీటుకీ మధ్య మనిషెత్తు అడ్డం పెట్టారు, సగం హాలు పార్సిల్ కౌంటర్‌కి పోయింది, అక్కడ డెలివరీ కుర్రాళ్ళు ఫోన్లు పట్టుకుని నిలబడి ఉంటారు. మీల్స్ ఉందా అని అడిగితే బాక్స్ మీల్స్ ఉంది మేడమ్, లేదంటే టేబుల్ మీద కోడ్ స్కాన్ చేసి బిర్యానీ పెట్టుకోండి అన్నారు. వడ్డించే మనిషే లేడు.

మీది వ్యాపారం, లాభం చూసుకోవాలి, ఆ సంగతి కింద రాస్తా. ముందు ఆ పొడవాటి టేబుల్ దగ్గర ఏం జరుగుతుందో చెప్పాలి, ఎందుకంటే మీరు క్యాష్ దగ్గరో కిచెన్‌లోనో ఉంటారు, ఆ రష్‌లో మీకు అది చూసే తీరిక ఉండదు.

ఈ ఊళ్ళో మనవాళ్ళూ కన్నడవాళ్ళూ ఒకే బిల్డింగ్‌లో ఉంటాం, ఒకే బస్సెక్కుతాం, ఒకే ఆఫీసులో పని చేస్తాం, కానీ ముక్కూమొహం తెలియని ఇద్దరు పక్కపక్కన కూర్చుని ఒకే తిండి తినే చోటు ఎక్కడుందో ఒక్కసారి ఆలోచించండి. ఆఫీసులో ఎవరి డబ్బా వాళ్ళది, ఎవరి గ్యాంగ్ వాళ్ళది. అపార్ట్‌మెంట్‌లో ఉగాదికి కలుస్తాం, ఫొటోలు దిగుతాం, మళ్ళీ వచ్చే ఉగాదికే. మీ హోటల్లో మాత్రం పన్నెండున్నర నుంచి మూడు దాకా ఎక్కడ సీటు ఖాళీ అయితే అక్కడ కూర్చోవాల్సిందే, ఎడంపక్క చిత్తూరు నుంచి వచ్చి కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాడు, కుడిపక్క మండ్యలో రిటైరై కొడుకు దగ్గరికి వచ్చిన పెద్దాయన, ఎదురుగా బ్యాంకులో పని చేసే హాసన్ అమ్మాయి, ముగ్గురి ముందూ ఆకు, ముగ్గురికీ ఒకే బకెట్లోంచి పప్పు. అక్కడ మాట కలవకుండా ఉండదు. కందిపొడి గిన్నె అటు జరపమని అడగాలి, నెయ్యి వేసే మనిషి వెళ్ళిపోతుంటే పక్కాయన కేకేసి పిలవాలి, ఆ పచ్చడి ఏంటి అని వాళ్ళడుగుతారు, ఇది కొంచెమే కలుపుకోండి సార్ కారం అని మనం చెప్తాం.

మా ఆఫీసులో హాసన్ కొలీగ్ ఒకామె ఉంది, తనని ఇలాంటి ఒక మెస్‌కి తీసుకెళ్తే పొడి, నెయ్యి, పప్పు అన్నీ దాటేసి ముందు రసం అడిగింది. సప్లయర్ రసం లాస్ట్ మేడమ్ అన్నాడు. తను ఊరుకోదే, మా ఇంట్లో ముందు సారు, అంటే చారు, దాని తర్వాతే హుళి, అంటే సాంబారు అంది. మనకేమో పప్పన్నం, కూర, పులుసు అయ్యాక చారు, ఆఖర్న పెరుగు, ఆ వరస తప్పితే భోజనం చేసినట్టే ఉండదు. పక్కన కూర్చున్న తుమకూరాయన ఆమెని సపోర్ట్ చేశాడు, మా వైపు నెల్లూరాయన ఒకడు కందిపొడిలో మొదటి ముద్ద తినకుండా రసం పోసుకుంటే నాలుక చచ్చిపోతుందని వాదించాడు, అందరూ కలిసి చివరికి ఆమెతో పొడి ముద్ద తినిపించారు, ఆమె మా నెల్లూరాయనతో ముందు సారు పోయించింది. పెద్ద సంఘటనేం కాదు. కానీ ఆ రోజు నుంచి ఆమె మా ఇంటికి రావడం, నేను వాళ్ళింటికి వెళ్ళడం మొదలైంది, అప్పటిదాకా రెండేళ్ళు పక్క పక్క సీట్లలో కూర్చుని కూడా గుడ్ మార్నింగ్ తప్ప ఏమీ లేదు మా మధ్య. ఇప్పుడు వాళ్ళింట్లో గోంగూర పప్పు చేస్తారు. ఉత్తర కర్ణాటకలో అదే ఆకుతో పుండి పల్య చేస్తారంట, జొన్న రొట్టెలోకి, హాసన్ వైపు అలవాటు లేదు కాబట్టి ఈమెకి మీ హోటల్లోనే మొదటిసారి తెలిసింది.

నాకు అటునుంచి వచ్చింది అవరెకాయల పిచ్చి, అవరె అంటే ఒక రకం చిక్కుడు. చలికాలం రాగానే ఈ ఊరు ఊరంతా అవరెకాయలు ఒలుస్తుంది, వీవీ పురం వైపు ఏటా అవరె మేళా పెడతారు, దోసెలో అవరె, ఉప్పిట్టులో అవరె, ఆఖరికి జిలేబీలో కూడా. నానబెట్టి తొక్క పిండేసిన గింజలతో సారు చేస్తారు, రాగి ముద్దెలోకి. అది మొదటిసారి ఒక టేబుల్ దగ్గర కోలారాయన వర్ణించి చెప్తుంటే ఇదెక్కడో విన్నట్టుందే అనుకున్నా, పక్కనున్న మదనపల్లె కుర్రాడు అక్కా అది మన పితికిపప్పే కదా అన్నాడు. అంతే, అదే గింజ, అదే చలికాలం, అదే పిండుడు, మధ్యలో స్టేట్ బోర్డర్ ఒకటుంది. మా అనంతపురం 1882 దాకా బళ్ళారి జిల్లాలో భాగమే, 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు బళ్ళారి మైసూరుకి పోయి ఆదోని, ఆలూరు, రాయదుర్గం మనకి మిగిలాయి, కానీ పొద్దున్నే బొరుగులు తడిపి ఉగ్గాని చేసి పక్కన మిరపకాయ బజ్జీ పెట్టుకోవడం అటూ ఇటూ ఇద్దరమూ మానలేదు. మా ఇంట్లో రాగి సంగటి, నాటుకోడి పులుసు. మండ్యాయన ఇంట్లో రాగి ముద్దె, నాటి కోళి సారు. ఇవన్నీ నేను చదువుకుని తెలుసుకున్నవి కొన్ని, కానీ చాలా వరకు మీ టేబుళ్ళ దగ్గర విన్నవే.

2011 జనాభా లెక్కల్లో బెంగళూరు అర్బన్ జిల్లాలో దాదాపు 14 శాతం మంది మాతృభాష తెలుగు అని రాయించారు. అందులో బయటనుంచి వచ్చినవాళ్ళు కొందరైతే, తరాలుగా ఇక్కడే ఉన్నవాళ్ళు కొందరు, బెళ్ళందూరు, వర్తూరు వైపు రెడ్ల ఇళ్ళల్లో ఇప్పటికీ తెలుగు వినిపిస్తుంది, బాగేపల్లి, ముళబాగిలు వైపు వెళ్తే చెప్పనే అక్కర్లేదు. అయినా మనల్ని ఈ ఊరు గుర్తుపట్టింది మాత్రం హోటళ్ళతోనే. రెసిడెన్సీ రోడ్డు మీద నాగార్జున పెట్టింది 1984లో. నందిని డీలక్స్ 1989లో. 2006లో మేఘనా. వీటి చుట్టూ పేరు బయటికి రాని మెస్సులు ఎన్నో, మెజెస్టిక్ దగ్గర, మారతహళ్ళిలో, బీటీఎంలో, ఎలక్ట్రానిక్ సిటీలో, ఇంటి ముందు హాలునే మెస్ చేసేసి భార్యాభర్తలిద్దరే నడిపేవి. ఆదివారం మధ్యాహ్నం ఆ పెద్ద హోటళ్ళ ముందు నిలబడి చూడండి, క్యూలో సగానికి పైగా కన్నడ మాటలే వినపడతాయి, అమ్మమ్మలు, మనవలు, అందరూ కలిసి వస్తారు. ఇక్కడివాళ్ళకి ఇవి బయటివాళ్ళ హోటళ్ళు కావు ఇప్పుడు, ఆంధ్రా స్టైల్ అనేది బెంగళూరు తిండిలో ఒక రకం, అంతే.

నందిని పేరు మీద కేసు గుర్తుందా మీకు? కర్ణాటక మిల్క్ ఫెడరేషన్ వాళ్ళు పాలకి ఆ పేరు 1985 నుంచి వాడుతున్నారు, హోటల్ వాళ్ళు 1989 నుంచి. ఆ పేరు మాదేనని ఫెడరేషన్ అభ్యంతరం పెడితే అది సుప్రీం కోర్టు దాకా వెళ్ళింది. 2018 జూలైలో కోర్టు, పాలు వేరు హోటల్ వేరు, జనం కన్‌ఫ్యూజ్ అవ్వరు, రెండూ ఉండొచ్చు అని తీర్పిచ్చింది. పొద్దున నందిని పాలతో కాఫీ తాగి మధ్యాహ్నం నందినిలో భోంచేసే మనిషికి ఈ గొడవ పట్టనే పట్టదు. ఇలా కలిసిపోవడానికి ముప్పై ఏళ్ళు పట్టింది, ఎంతమంది సప్లయర్లు ఎన్ని వేల ఆకులు వేస్తే వచ్చిందో అది. దాన్ని పార్టిషన్లు పెట్టి పోగొట్టుకోవద్దని నా బాధ.

మీకంటే ముందు ఈ ఊరికి తిండి పెట్టడానికి వచ్చినవాళ్ళని చూడండి. మయ్య అన్నదమ్ములు ఉడుపి వైపు నుంచి వచ్చినవాళ్ళే, 1924లో మొదలుపెట్టారు, అదే ఇవాళ్టి ఎంటీఆర్. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బియ్యం దొరక్క రవ్వతో ఇడ్లీ వేశామని వాళ్ళు చెప్తారు, ఇప్పుడు రవ్వ ఇడ్లీ అంటే బెంగళూరు టిఫినే అనుకుంటారు ఎవరైనా. 1983లో జయనగర్‌లో ఆర్. ప్రభాకర్ కేఫ్ దర్శిని పెట్టి నిలబడి తినే పద్ధతి తెచ్చాడు, దాంతో ఊరంతా దర్శినిలు అయ్యాయి. ఆ గుండ్రటి స్టీలు టేబుల్ చుట్టూ ఆటో డ్రైవర్, లాయర్, కాలేజీ పిల్ల ముగ్గురూ ప్లేట్లు పెట్టుకుని నిలబడతారు, జరగండి అనే మాటతో మొదలవుతుంది. ఉడుపివాళ్ళని ఇవాళ ఎవరూ బయటినుంచి వచ్చారని అనరు. వాళ్ళ సాంబారులో బెల్లం ఎక్కువైందని తిట్టుకుంటూనే రోజూ తింటారు.

ఇంకొక దారి కూడా ఉంది, అది బ్రిటన్‌లో కనపడుతుంది. అక్కడ ఇండియన్ రెస్టారెంట్ అని బోర్డు ఉన్నవాటిలో చాలావరకు నడిపేది బంగ్లాదేశ్ వాళ్ళు, అందులోనూ ఎక్కువమంది సిల్హెట్ వైపు వాళ్ళు. అక్కడి జనానికి నచ్చేలా మెనూ ఒకటి తయారైంది, ఏ ఊరికెళ్ళినా అవే పేర్లు, అదే గ్రేవీ, కారం తక్కువ కావాలంటే ఒక పేరు, ఎక్కువ కావాలంటే ఇంకో పేరు. 2001లో వాళ్ళ విదేశాంగ మంత్రి రాబిన్ కుక్ చికెన్ టిక్కా మసాలాని బ్రిటన్ జాతీయ వంటకం అన్నాడు కూడా. గొప్ప విషయమే, కాదనను. కానీ ఆ సిల్హెట్ వాళ్ళు ఇంట్లో తినే చేపల కూర, సాత్కోరా నిమ్మకాయ వేసి వండే మాంసం కూర చాలా ఏళ్ళు మెనూ ఎక్కలేదు, షట్టర్ దించాక కిచెన్‌లో స్టాఫ్ తినేది అది. ఎదురుగా కూర్చున్న మనిషికి యాభై ఏళ్ళు అన్నం పెట్టి కూడా నువ్వు ఇంట్లో ఏం తింటావని అతను అడగకుండానే అయిపోయింది చాలామందికి.

మనకి అదే జరుగుతోంది. ఆంధ్రా అంటే కారం, ఆంధ్రా అంటే బిర్యానీ, ఈ రెండే మిగులుతున్నాయి. పచ్చిమిరపకాయలు దంచి చేసే ఆంధ్రా చిల్లీ చికెన్ నాకూ ఇష్టమే, పిల్లలకీ ఇష్టమే, కానీ మా ఊళ్ళో ఏ ఇంట్లోనూ దాన్ని ఆంధ్రా చిల్లీ చికెన్ అనుకుని వండరు, అది బెంగళూరు హోటళ్ళలో పేరుపడ్డ వంట. ఆకు భోజనంలో అలా కాదు. అక్కడ దోసకాయ పప్పు వస్తుంది, బీరకాయ పచ్చడి వస్తుంది, మజ్జిగ పులుసు, వంకాయ కూర, శుక్రవారం పులిహోర, ఎండాకాలం మామిడికాయ పప్పు వస్తాయి. యాప్‌లో మజ్జిగ పులుసు ఫొటో చూసి ఆర్డర్ పెట్టే కన్నడాయన ఎవరుంటారు చెప్పండి, మన పిల్లలే పెట్టరు. ఆకులో వడ్డిస్తే మాత్రం తింటారు, తిని ఇంకొంచెం అంటారు. ఊళ్ళో వండుకునే మామూలు వంట బయటివాళ్ళకి తెలిసేది మీల్స్‌లోనే, మెనూ కార్డులో కాదు.

ఇంకో మాట, ఇది మీకు నాకంటే బాగా తెలుసు. మీరు వండే సోనా మసూరిలో చాలా భాగం రాయచూరు, సింధనూరు, గంగావతి వైపు నుంచే కదా వచ్చేది. తుంగభద్ర డ్యామ్ వచ్చాక కోస్తా నుంచి వెళ్ళి అక్కడ పొలాలు కొనుక్కుని స్థిరపడ్డ మనవాళ్ళ ఊళ్ళని అక్కడ ఇప్పటికీ క్యాంపులనే పిలుస్తారు. కర్ణాటక నేల, తుంగభద్ర నీళ్ళు, తెలుగు రైతు, కన్నడ కూలీ, కన్నడ రైతు కూడా, ఆ బియ్యం బెంగళూరు ఆంధ్రా మెస్‌లో ఉడికి మండ్యాయన ఆకులో పడుతుంది. మిరపకాయలు కూడా అంతే, రంగుకి బ్యాడగి, ఘాటుకి గుంటూరు, రెండూ కలిపి ఆడిస్తారని మీ మాస్టర్ల దగ్గరే విన్నా, బ్యాడగి మార్కెట్‌కి మన కర్నూలు వైపు రైతులు కూడా లారీల్లో కాయ తీసుకెళ్తారు. ఇంత కలిసిపోయి ఉన్న సరుకుని వేరు వేరు డబ్బాల్లో ప్యాక్ చేసి వేరు వేరు ఫ్లాట్లకి పంపడం నాకు మనసొప్పట్లేదు.

ఇక భాష. 2023 డిసెంబర్ 27న ఇంగ్లీష్ బోర్డులు పగలగొట్టిన గొడవ మీకు గుర్తుండే ఉంటుంది, మీలో కొంతమంది ఆ రోజు షట్టర్లు దించేశారు. తర్వాత 2024లో చట్టం సవరించి బోర్డులో 60 శాతం కన్నడ ఉండాలన్నారు, అందరూ మార్చుకున్నారు. పగలగొట్టడం తప్పే, అందులో వాదన లేదు. కానీ బోర్డు మార్చాం కదా, అయిపోయింది అనుకోవద్దని అడుగుతున్నా. లోపలికొస్తే మెనూ ఇంగ్లీష్, కోడ్ స్కాన్ చేస్తే వచ్చేది ఇంగ్లీష్, గోడ మీద ఈరోజు స్పెషల్ ఇంగ్లీష్ లేదా తెలుగు. కొడుకుతో వచ్చిన మండ్య పెద్దాయన ఫోన్ తెరవలేడు, ఇంగ్లీష్ చదవలేడు, తన రాష్ట్ర రాజధానిలో కూర్చుని పక్కవాళ్ళని అడిగి తినాల్సొస్తుంది. ఆయనకి మీ వంట ఇష్టం, మీరంటే గౌరవం, ఆ మనిషి చేతికి కన్నడలో రాసిన ఒక కాగితం ఇవ్వండి. భయపడి కాదు, ఇంటికొచ్చిన పెద్దమనిషికి ముందు మంచినీళ్ళిచ్చినట్టు ఇవ్వండి. పదార్థం పేరు మనదే రాయండి, గోంగూరని గోంగూర అనే రాయండి కన్నడ లిపిలో, కింద ఒక లైను ఇది పుల్లటి ఆకుతో చేసే పచ్చడి అని. రెండు లిపులు ఎలాగూ అక్కచెల్లెళ్ళ లాంటివే, రాయించడం కష్టం కాదు.

మన తెలుగు కస్టమర్లకీ ఒక మాట మీరే చెప్పాలి, నేను చెప్తే వినరు. పక్క టేబుల్ వాళ్ళకి వినపడేలా ఈ ఊళ్ళో మనోళ్ళు లేకపోతే ఏముంది అని గట్టిగా మాట్లాడటం, సప్లయర్ కన్నడలో పలకరిస్తే తెలుగు రాదా నీకు అని గద్దించడం, ఇవి నా కళ్ళతో చూశా. అలాంటప్పుడు మీరు కౌంటర్ దిగొచ్చి ఒక్క మాట అంటే చాలు. ఓనర్ మాటకి ఉండే బరువు వేరు.

సప్లయర్ల మాట వచ్చింది కాబట్టి ఇది కూడా. మీ హోటళ్ళలో ఇప్పుడు వడ్డించేవాళ్ళు, కూరగాయలు తరిగేవాళ్ళు, గిన్నెలు తోమేవాళ్ళు ఎక్కువమంది ఒడిశా, అస్సాం, బెంగాల్, జార్ఖండ్, నేపాల్ నుంచి వచ్చినవాళ్ళు. పొడి, నెయ్యి, ఇంకొంచెం అన్నం అని తెలుగులో అడిగే ఆ కుర్రాడు పుట్టింది ఏ కొరాపుట్‌లోనో. అదే కుర్రాడు పక్క ఆకు దగ్గరికెళ్ళి తుప్ప హాక్లా సార్, అంటే నెయ్యి వెయ్యనా అంటాడు. ఒక్క పూటలో నాలుగు భాషలు మాట్లాడే ఆ పిల్లల గురించి మనలో ఎవరికీ ఏమీ తెలియదు. 2012 ఆగస్టులో నేనిక్కడే ఉన్నా. ఈశాన్య రాష్ట్రాల వాళ్ళ మీద దాడులు జరుగుతాయని పుకార్లు పుట్టాయి, ఫోన్లలో మెసేజ్‌లు తిరిగాయి, రెండు మూడు రోజుల్లో వేలమంది బ్యాగులు సర్దుకుని సిటీ స్టేషన్‌కి వచ్చేశారు, రైల్వే వాళ్ళు గువాహటికి స్పెషల్ ట్రైన్లు వేశారు, కేంద్రం ఒకేసారి 5 కంటే ఎక్కువ ఎస్సెమ్మెస్‌లు పంపకుండా 15 రోజులు ఆపేసింది. హోటల్ కిచెన్లు ఖాళీ అయిపోయాయి, సెక్యూరిటీ గార్డులు లేరు, పార్లర్లు మూతపడ్డాయి. వాళ్ళని ఆపడానికి మంత్రులు, పోలీసులు ప్లాట్‌ఫామ్ మీదకి వెళ్ళి నచ్చచెప్పాల్సి వచ్చింది. ఇన్నేళ్ళు అన్నం వడ్డించిన ఊళ్ళో, ఉండు, నేనున్నా, మా ఇంటికి రా అని చెప్పే మనిషి ఒక్కడు కూడా తెలియని పిల్లలు ఎంతమంది ఉండి ఉంటారో అని ఇప్పటికీ అనిపిస్తుంది నాకు.

అందుకని ఒకటి అడుగుతున్నా. మీ స్టాఫ్ సాయంత్రం నాలుగింటికి వాళ్ళకోసం వండుకుంటారు కదా, నేను ఒకసారి ఆ టైమ్‌కి వెళ్ళి చూశా, ఒడియా పిల్లలు దాల్మా చేసుకున్నారు, కందిపప్పులో గుమ్మడికాయ, వంకాయ, అరటికాయ వేసి, మన పప్పుకూరకి దగ్గర చుట్టం, పైన జీలకర్ర, ఎండుమిర్చి వేయించి పొడి చల్లారు. అస్సాం కుర్రాళ్ళు మాసోర్ టెంగా గురించి చెప్పారు, పుల్లటి చేపల కూర, మన చేపల పులుసు తినే మనిషి ఎవడూ దాన్ని కాదనడు. వారంలో ఒక రోజు ఆకులో ఒక గిన్నె వాళ్ళది వేయండి. ఇది ఒడిశా దాల్మా, ఇది ఫలానా తమ్ముడు వండింది అని వడ్డించేటప్పుడు చెప్పించండి. పెద్ద ఫుడ్ ఫెస్టివల్ చేయక్కర్లేదు, బ్యానర్లు అక్కర్లేదు. అలాగే చలికాలం రెండు నెలలు వంకాయ కూర బదులు ఒక పూట అవరెకాళు కూర, శనివారం సంగటి పక్కన బస్సారు, అదే పప్పు, ఆకుకూర ఉడికించి వార్చిన నీళ్ళతో కన్నడవాళ్ళు చేసే సారు. మీ మాస్టర్లకి అది చేతకాని పని కాదు.

ఇప్పుడు లెక్కల సంగతి. అద్దెలు ఎలా ఉన్నాయో నాకు తెలుసు, 19 కేజీల సిలిండర్ ధర ఎప్పుడు ఎటు పోతుందో తెలియదు, అన్‌లిమిటెడ్ మీల్స్‌లో మార్జిన్ తక్కువ, టేబుల్ త్వరగా ఖాళీ అవ్వదు, వడ్డించడానికి మనుషులు కావాలి, మనుషులు దొరకట్లేదు. పార్సిల్ అయితే సీటు అక్కర్లేదు, ఆకు అక్కర్లేదు. కానీ యాప్ వాళ్ళ కమిషన్ పోగా, డబ్బాల ఖర్చు పోగా, డిస్కౌంట్ మీ తల మీదే వేస్తే మీకు మిగిలేదెంత? అదీ కాక ఆ యాప్‌లో మీరు వంద పేర్లలో ఒక పేరు, రేపు పక్క సందులో ఎవరో షెడ్డులో కిచెన్ పెట్టి మీ పేరుకి దగ్గర పేరు పెట్టుకుంటే కస్టమర్‌కి తేడా తెలియదు. మీ హాల్లో ఆకు ముందు కూర్చుని తిన్న మనిషికి తెలుస్తుంది, అతను తన పిల్లల్ని, పిల్లల పిల్లల్ని తీసుకొస్తాడు.

హాలు మొత్తం అడగట్లేదు నేను. ఒక్క వరస పొడవాటి టేబుల్ ఉంచండి, సోమవారం నుంచి శుక్రవారం, పన్నెండున్నర నుంచి మూడు. అన్‌లిమిటెడ్ కష్టమైతే అన్నం, పప్పు, చారు వరకు అన్‌లిమిటెడ్ పెట్టి కూరలు ఒక్కసారే వడ్డించండి. రేటు పెంచండి, పెంచితే అరుస్తారని భయపడకండి, అదే మనుషులు కాఫీ షాపులో ఒక కాఫీకి అంతకంటే ఎక్కువ ఇస్తున్నారు. ఫ్యామిలీలకి సోఫాలు ఉంచుకోండి, ఎవరూ వద్దనరు. కానీ ఒంటరిగా వచ్చినవాళ్ళని ఒక్కొక్కళ్ళని ఒక్కో మూల టేబుల్‌కి పంపి ఫోన్ చూసుకుంటూ తిననివ్వకండి, వాళ్ళందరినీ ఆ వరసలో కూర్చోబెట్టండి. ఆ వరస దగ్గర కోడ్ స్కాన్ వద్దు, మనిషి రావాలి, బకెట్ రావాలి, ఏమేం ఉన్నాయో నోటితో చెప్పాలి, ఎదుటి మనిషి మొహం చూసి ఏ భాషలో చెప్పాలో ఆ భాషలో చెప్పాలి. మీ పాత సప్లయర్లకి ఇది ఎవరూ నేర్పలేదు, కానీ అందరికీ వచ్చు. కొత్త పిల్లలకి వాళ్ళతో నేర్పించండి, వాళ్ళు రిటైరై ఊళ్ళకి వెళ్ళకముందే.

కన్నడ మెనూ రాయడానికి మనుషులు లేరంటే మేమున్నాం. పైన చెప్పిన మా హాసన్ కొలీగ్, నేను, ఇంకో ఇద్దరు ఫ్రెండ్స్, శనివారం ఖాళీగానే ఉంటాం. మీ మెనూ, మీల్స్‌లో రోజువారీ వచ్చే పదార్థాల పేర్లు ఒక కాగితం మీద రాసివ్వండి, కన్నడలో పేరు, కింద ఒక లైను వివరణ రాసి, టైప్ చేసి ఇస్తాం, డబ్బులేం వద్దు. చిన్న మెస్సులైతే మేమే వస్తాం, పెద్ద హోటళ్ళైతే మీ మేనేజర్‌కి ఒక మాట చెప్పి ఉంచండి, కౌంటర్ దగ్గర అడుగుతాం. కుందలహళ్ళి, మారతహళ్ళి, బ్రూక్‌ఫీల్డ్ వైపు వాళ్ళతో మొదలుపెడదామనుకుంటున్నాం. వచ్చే శనివారం మొదటి మెస్‌కి వెళ్తున్నాం, వాళ్ళు సరేనన్నారు, పొడవాటి టేబుల్ కూడా తీయట్లేదన్నారు.

ఇట్లు,
మీ హోటళ్ళలో తిని పెరిగిన ఒక అనంతపురం ఆడబిడ్డ,
కుందలహళ్ళి, బెంగళూరు